అడగకుండానే వెలిగే ట్యూబు

నేను కంప్యూటర్లు తయారుచేసే చోట పనిచేస్తానని మా ఆవిడ తరఫు బంధువులందరికీ గట్టి నమ్మకం. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే మా కంప్యూటరుకి తెర ఉండదు, మీటలుండవు, కరెంటు తీగ ఉండదు. చిటికెన వేలంత ట్యూబులో ఒక బొట్టు నీళ్ళుంటాయి, అదే కంప్యూటరు. పొద్దున టీ తాగే వేళకి దాన్ని ఒక ప్రశ్న అడిగితే, మధ్యాహ్నం భోజనాల వేళకి జవాబు చెబుతుంది. ఆ జవాబు కూడా ఏదో పెద్ద లెక్క అనుకునేరు. వెలిగితే అవునని, వెలగకపోతే కాదని. అంతకు మించి దానికేమీ రాదు. ఈ సంగతి తెలియని మా బావమరిది తన ల్యాప్‌టాప్ మొరాయించినప్పుడల్లా తెచ్చి నా చేతిలో పెడతాడు. నేను "సరే" అని పుచ్చుకుంటాను. పుచ్చుకుని వీధి చివర రిపేరు షాపులో ఇచ్చి, బాగయ్యాక నేనే రాత్రంతా కూర్చుని బాగుచేసినట్టు కళ్ళు నులుముకుంటూ తిరిగి ఇస్తాను.

ఈ "సరే" గురించి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ల్యాబులో నా పేరే అది. సరే గారు. వాచ్‌మన్ నుంచి మా మేడం దాకా అందరూ అలాగే పిలుస్తారు. ఎవరేమడిగినా నేను సరే అంటాను. దాన్ని మంచితనం అనుకోకండి. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతుందేమోనని భయం, అంతే. "వద్దు" అనే మాట నా గొంతు దాకా వస్తుంది, అక్కడ కాసేపు నిలబడుతుంది, ఎందుకొచ్చిన గొడవలే అనుకుని వెనక్కి వెళ్ళిపోతుంది. ఒకసారి రైల్లో ఎదుటి సీటాయన కిటికీ తెరవమన్నాడు, పక్క సీటావిడ మూయమంది. ఇద్దరికీ సరే అన్నాను. దిగేదాకా ఆ కిటికీ తెరుస్తూ, మూస్తూనే ఉన్నాను. ఇద్దరికీ నా మీదే కోపమొచ్చింది.

పెళ్ళి విషయంలోనూ అదే కథ. పిల్ల నచ్చిందా అని మా అమ్మ అడిగింది, సరే అన్నాను. అంతకుముందు చూసిన ఇద్దరమ్మాయిల విషయంలోనూ నేను సరేనన్నాననీ, వాళ్ళే నన్ను కాదన్నారనీ మా పెళ్ళయిన కొత్తలోనే మా అక్క మా ఆవిడ చెవిన వేసింది. అక్క ఉద్దేశం నేను ఎంత సాధువునో చెప్పడం. మా ఆవిడకి మాత్రం ఆ రోజు నుంచి ఒక ముల్లు గుచ్చుకుని ఉండిపోయింది. తనని నేను కావాలని చేసుకున్నానా, అడిగారు కాబట్టి చేసుకున్నానా? ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మాట నోరు విడిచి అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం నాకెప్పుడూ అలవాటు లేదు.

మా ఆవిడ నర్సులకు పాఠాలు చెబుతుంది. సూది ఎలా వేయాలో, కట్టు ఎలా కట్టాలో, కేకలేసే రోగిని ఎలా ఊరుకోబెట్టాలో నేర్పుతుంది. ఆవిడ ముందు గొంతు పెంచిన రోగిని నేనింతవరకూ చూడలేదు. మొన్న ఒక సోమవారం సాయంత్రం అన్నం దగ్గర ఆవిడ మామూలుగా కూర వడ్డిస్తూనే మొదలుపెట్టింది.

"ఏమండీ, కొత్తగా ఒక నర్సింగ్ కాలేజీ పెడుతున్నారట. నన్ను ప్రిన్సిపాల్‌గా రమ్మంటున్నారు."

"అబ్బో! మంచిదేగా!"

"ఇక్కడ కాదు. రాత్రి రైలెక్కితే పొద్దున దిగాలి. కనీసం రెండు మూడేళ్ళు అక్కడే ఉండాలి. మీ ఉద్యోగం ఇక్కడ కదా, మీరు రావడానికి కుదరదు. వెళ్ళమంటారా?"

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆవిడ లేని వంటిల్లు, ఆవిడ లేని సాయంత్రం, ఆవిడ లేని నేను, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. నోరు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా తన పని తాను చేసుకుపోయింది.

"సరే, వెళ్ళు."

"నేను లేకపోతే మీకేమీ ఇబ్బంది లేదా?"

"నాకేంటి ఇబ్బంది? నువ్వెలా అంటే అలాగే."

"వద్దంటే మానేస్తాను."

"సరే, అయితే మానెయ్యి."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి నా వైపు తిరిగింది. "వెళ్తానన్నా సరే, మానేస్తానన్నా సరే. ఆ సరేని నేనేం చేసుకోనండీ? ఈ శుక్రవారం వాళ్ళకి మాట చెప్పాలి. ఆలోగా మీ మనసులో ఏముందో మీ నోటితో చెప్పండి. వెళ్ళమంటే వెళ్ళమనండి, వద్దంటే వద్దనండి. సరే అని మాత్రం అనకండి."

"సరే," అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. ఆ కూర మాత్రం నేను పూర్తిగా తినకుండా లేచాను.

ఇప్పుడు నా పని గురించి కాస్త చెప్పాలి. భయపడకండి, నాకు తెలిసిందే తక్కువ. డీఎన్‌ఏ అంటే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన సన్నని పోగు. మనకి కావలసిన అక్షరాల వరుస చెబితే కంపెనీ వాళ్ళు ఆ పోగును తయారుచేసి ట్యూబులో పంపుతారు. ట్యూబు తీసి చూస్తే అడుగున ఏమీ కనబడదు. పైన అంటించిన చీటీని నమ్మడమే. ఒక పోగులోని అక్షరాలకు సరిగ్గా జత కుదిరే అక్షరాలున్న ఇంకో పోగు దొరికితే రెండూ పెనవేసుకుంటాయి. మేము చేసేదల్లా ఒక పొడుగు పోగు పక్కన పొట్టి పోగును కూర్చోబెట్టి, కాస్త చోటు ఖాళీగా వదలడం. బస్సులో ముగ్గురి సీట్లో ఇద్దరు కూర్చుంటే ఏమవుతుంది? మూడో మనిషి వచ్చి అంచున ఆనుకుంటాడు. మెల్లగా జరుగుతాడు. జరిగి జరిగి చివరికి ముందునుంచీ కూర్చున్నవాణ్ణి లేపేస్తాడు. మా కంప్యూటరంతా ఇదే. ప్రశ్న పోగు వచ్చి ఖాళీ చోట ఆనుకుని, కూర్చున్నదాన్ని గెంటేస్తుంది. గెంటించుకున్నది వెళ్ళి ఇంకోదాన్ని గెంటుతుంది. ఆఖరున ఒక మెరిసే రంగును కప్పి ఉంచిన పోగు ఊడుతుంది, ట్యూబు వెలుగుతుంది. నిజం బస్సులో అలా లేచి నిలబడేది ప్రతిసారీ నేనేనని మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

రెండు రకాల ప్రశ్న పోగులూ కలిపి వేస్తేనే ట్యూబు వెలగాలి. ఒకటే వేస్తే వెలగకూడదు. ఏదీ వేయకపోతే అసలే వెలగకూడదు. ఎప్పటికైనా ఒక రక్తపు బొట్టులో ఇలాంటిది వేసి, ఫలానా రోగం గుర్తులు రెండూ ఉన్నాయా అని దాన్నే అడగాలని మా మేడం ఆశ. ఆశ బాగానే ఉంది, ట్యూబే బాగాలేదు. ఏ ప్రశ్నా వేయని ట్యూబు కూడా నెమ్మదిగా వెలగడం మొదలుపెట్టేది. జంటల చివర్లు వదులై, ఎవరూ గెంటకుండానే పోగులు వాటంతటవే ఊడొచ్చేవి. దీన్ని మా వాళ్ళు లీకు అంటారు.

"ఇది కంప్యూటరు కాదండీ, ఆర్పడం మర్చిపోయిన లైటు," అని మేడం నిట్టూర్చారు.

మా మిషన్లు బాగుచేసే మేస్త్రి అక్కడే స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఆ ట్యూబులు కలిపింది ఎవరండీ? సరే గారేగా. ఆయన చెయ్యి తగిలి దానికీ అంటుకుంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఎందుకంటే నవ్వమన్నట్టు చూశారు.

ఈ పని కొనసాగించాలా, ఆపేయాలా అని తేల్చడానికి పైనుంచి పెద్దలు గురువారం వస్తున్నారు. అప్పటికి ప్రశ్న లేని ట్యూబు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చీకటిగా ఉండేలా చేయగలరా అని మేడం నన్ను అడిగారు. ఏమన్నానో చెప్పనక్కర్లేదు. అయితే న్యాయంగా చెప్పాలి, దాని కోసం నేను అప్పటికే చాలా రోజులుగా నడుం వంచి పనిచేస్తున్నాను. పోగుల చివర్లు ఊడకుండా ముడి వేసినట్టు రెండేసి అక్షరాలు ఎక్కువ పెట్టించాం. వచ్చిన పోగుల్లో తప్పుగా తయారైనవి కలిసి ఉంటాయి కాబట్టి, వాటిని జిగురుముద్దలాంటి జెల్లులో పరిగెత్తించి, మంచివి ఆగిన గీతను మాత్రం బ్లేడుతో కోసి తీయాలి. మొదటిసారి నేను కోయాల్సిన గీత వదిలేసి దాని కింది గీత కోశాను. చెత్తను అంత శ్రద్ధగా శుభ్రం చేసినవాడు మా ల్యాబులో ఇంకొకడు లేడు. రెండోసారి సరిగ్గానే కోశాను.

మంగళవారం ట్యూబులు వెలుగును కొలిచే మిషనులో పెట్టి స్టూలు లాక్కుని కూర్చున్నాను. ప్రశ్నలు వేసిన ట్యూబు గీత తెర మీద కొండ ఎక్కుతున్నట్టు పైకి పోయింది. ప్రశ్న లేని ట్యూబు గీత నేల మీద చాప పరిచినట్టు అలాగే ఉంది. మధ్యాహ్నమైనా కదల్లేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నా చేత్తో తయారైన వస్తువు ఒకటి, అడగనిదే నోరు విప్పకుండా గట్టిగా కూర్చుంది!

ఇంటికెళ్ళి చెప్పులు విడవకముందే చెప్పాను. "తెలుసా, ఈరోజు మా ట్యూబు ఏమీ అనలేదు!"

"సంతోషం," అంది మా ఆవిడ. "మీరేమైనా అంటారా?"

నేను వంగి చెప్పులు విడిచాను. ఆవిడ కాసేపు చూసి టీవీ పెట్టుకుంది.

బుధవారం సాయంత్రం పక్క ల్యాబు డాక్టరు గారు వచ్చారు. ఆయన చాలా మర్యాదస్తుడు. అందుకే నాకు ఆయనంటే మరీ భయం. మా కంప్యూటరులో చివర ఒక మెట్టు ఉంటుంది. అక్కడ ఒక్క పోగు చాలు, అది ఒక జంటను విప్పి, తాను బయటపడి, మళ్ళీ ఇంకో జంట మీదకి పోతూ ఉంటుంది. ఆయనకి ఆ జంటలు ఒక్క చుక్క కావాలట.

"మా పోగు ఒకటి పనిచేస్తుందో లేదో చూసుకోవాలి సార్, ఒక్క చుక్కే. నేనే తీసుకుంటాను, మీరు లేవకండి," అన్నారాయన.

రేపు పెద్దలు వస్తున్నారు. ఆ ట్యూబు ఎవరూ ముట్టుకోకూడదు. నాకు తెలుసు. నా గొంతు దాకా వచ్చిన మాట ఏమిటో కూడా నాకు తెలుసు. "సరే, తీసుకోండి," అన్నాను. ఆయన ఒక చుక్క తీసుకుని, వెళ్ళి, కాసేపటికి చాల్లేదని తిరిగొచ్చి ఇంకో చుక్క తీసుకున్నారు. అప్పుడు చుక్కలు పీల్చే పిపెట్టు మొనకి కొత్త టిప్పు తొడిగారా లేదా అని నేను చూడలేదు. చూస్తే అనుమానించానని నొచ్చుకుంటారేమోనని గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

గురువారం పెద్దలు ముగ్గురు వచ్చారు. మేడం ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకున్నారు. నాక్కూడా ఒకటి ఇచ్చారు, దాని చేతులు నా వేళ్ళని మింగేశాయి. ట్యూబులు మిషనులో పెట్టాం. మేడం చక్కగా వివరించారు. టీలయ్యాయి, మాటలయ్యాయి, తిరిగొచ్చి తెర ముందు కూర్చున్నాం. ప్రశ్నలు రెండూ వేసిన ట్యూబు గీత పైకి లేచింది. వాళ్ళు తలలు ఊపారు. ఆ తర్వాత, ఎవరూ పిలవకుండానే, ప్రశ్న లేని ట్యూబు గీత కూడా లేచింది. ముందు కాస్త. తర్వాత ఇంకాస్త.

వచ్చిన వాళ్ళలో ఒక పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, తెర దగ్గరకి వంగి చూశారు. "ఈ ట్యూబులో ఏం ప్రశ్న వేశారు బాబూ?"

"ఏమీ వేయలేదండీ," అన్నాను.

"మరి ఎవరికి అవునంటోంది?"

ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. "అది కాదు బాబూ, ఇది ఎవరూ అడగకపోయినా అవునంటోంది కదా. అలాంటప్పుడు మొదటి ట్యూబు మన ప్రశ్న వినే వెలిగిందని ఎలా నమ్మాలి? దానికీ ఇదే జబ్బేమో. కాదనడం రానిది అవునంటే మాత్రం ఏం లాభం?"

మేడం ఏదో సమాధానం చెబుతున్నారు. నాకు వినబడలేదు. ఈ ప్రశ్న నేను సోమవారమే విన్నాను, అన్నం దగ్గర, గరిటె పట్టుకున్న మనిషి నోట. ఇది చదువుతున్న మీకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. నాకు మాత్రం దానికి ముగ్గురు పెద్దలు, ఒక మిషను, చేతులు పొడుగైన ఒక తెల్లకోటు కావలసి వచ్చాయి. మా ట్యూబులాగే నేనూ జవాబు దాకా రావడానికి టైము తీసుకునే రకం.

పెద్దలు మరోసారి వచ్చి చూస్తామని చెప్పి వెళ్ళిపోయారు. అంటే ఆపేయమనలేదు, చేయమని కూడా అనలేదు. అందరూ వెళ్ళాక మేడం నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

"ఎవరైనా మన ట్యూబులో ఎంగిలి టిప్పు ముంచారా?" వాడిన టిప్పును మళ్ళీ ముంచడాన్ని మా ల్యాబులో ఎంగిలి అంటారు. దానికి అంటుకుని వచ్చిన పరాయి పోగు కాస్త చాలు, మా జంటలన్నీ విప్పేయడానికి.

"పక్క ల్యాబు డాక్టరు గారు కొంచెం కావాలంటే..."

"సరే అన్నారు."

"అన్నానండీ."

"మీకు ఇవ్వాలనుందా?"

"లేదండీ."

"మరి?"

"మొహమాటం మేడం."

ఆవిడ తిట్టలేదు. తిడితే అలవాటైన జవాబు ఒకటి నా దగ్గర ఉంది. "రేపటినుంచి మళ్ళీ మొదలుపెడదాం," అని లేచి, తెల్లకోటు విప్పి కుర్చీ మీద వేసి వెళ్ళిపోయారు. ఆవిడ అంత మెల్లగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం బస్సులో అభ్యాసం మొదలుపెట్టాను. వద్దు. కుదరదు. లేదు. పెదాలు కదుపుతూ అనుకుంటుంటే పక్కాయన కాస్త దూరం జరిగాడు. ఒకాయన వచ్చి, "కొంచెం జరుగుతారా?" అన్నాడు. "కుదరదండీ," అన్నాను, గట్టిగానే. ఆయన మొహం చిన్నబోయింది. నేను వెంటనే లేచి నిలబడి నా సీటు మొత్తం ఆయనకిచ్చేశాను. బస్సు దిగాక బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ల్యాప్‌టాప్ మళ్ళీ ఆగిపోయింది. రేపు తెచ్చిస్తా."

"వద్దు. నాకు బాగుచేయడం రాదు."

"బావా, ఒంట్లో బాగాలేదా? అక్కకి ఫోన్ ఇవ్వు."

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తెల్లవారితే శుక్రవారం. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కూర్చుంటే ధైర్యం కూడా కూర్చుండిపోతుందని భయం.

"వద్దు," అన్నాను.

"ఏం వద్దు? టీ వద్దా?"

"వెళ్ళొద్దు. నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు."

ఆవిడ చేతిలోని దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. "ఎందుకు?"

ఎందుకని అడుగుతుందని నేను అనుకోలేదు. అభ్యాసం అక్కడిదాకా చేయలేదు. "సాయంత్రం వచ్చి తాళం నేను తీసుకోవడం నాకిష్టం లేదు. బెల్లు కొడితే నువ్వు తీయాలి. తీసి, ఆలస్యమైందేం అని అడగాలి. పొద్దున నువ్వు తుమ్మితే గోడ అవతలి వాళ్ళు కూడా లేస్తారు. ఆ తుమ్ము లేకపోతే నాకు తెల్లారినట్టుండదు. నువ్వు తిట్టకపోతే నేను చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు. నువ్వు లేకపోతే నాకు భయం. ఇంకోటి కూడా చెప్పాలి. పెళ్ళికి ముందు నిన్ను చూసొచ్చిన రోజు చొక్కా తిరగేసి తొడుక్కుని బజారంతా తిరిగాను. ఎవరో ఆపి చెప్పేదాకా నాకు తెలియలేదు. మిగతా ఇద్దర్నీ చూసొచ్చిన రోజు నా చొక్కా బాగానే ఉంది."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకుంది. నర్సులకు పాఠాలు చెప్పే మనిషి అలా ఏడుస్తుంటే ఎలా ఊరుకోబెట్టాలో నాకెవరూ నేర్పలేదు. పక్కన కూర్చుని మిగిలిన సగం దుప్పటి మడతపెట్టాను. అది కూడా వంకరగానే పెట్టాను.

కాసేపటికి ఆవిడ తేరుకుంది. "నేను వెళ్తానండీ."

"అదేంటి? ఇప్పుడేగా వద్దన్నాను!"

"అన్నారు. ఆ మాట కోసం ఎన్నేళ్ళుగా చూస్తున్నానో మీకు తెలియదు. మీకేమీ పట్టనట్టు సరే అని ఉంటే తిరిగొస్తే నా కోసం చూసే మనిషి ఉంటాడో లేదోనని ఇక్కడే ఉండిపోయేదాన్ని. నేను లేకపోతే దిగులుపడే మనిషి ఉన్నాడని తెలిస్తే కదా గడప దాటడానికి ధైర్యం వచ్చేది." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆ పని నాకు కావాలండీ. చాలా కావాలి. పిల్లలకి మొదటినుంచీ నా పద్ధతిలో నేర్పాలని ఎప్పటినుంచో ఉంది. సెలవు దొరికినప్పుడల్లా వస్తాను. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. వెళ్ళనా?"

నేను నోరు తెరిచాను. పుట్టినప్పటినుంచి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచిపెట్టిన మాట, అవసరమైన ఆ ఒక్క క్షణంలో గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. ఆవిడ తొందరపెట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. వద్దని మళ్ళీ అంటే ఆవిడ నిజంగానే ఆగిపోతుందని ఆ కళ్ళలో తెలుస్తూనే ఉంది. ఆ కాలేజీలో, ఆ పిల్లల మధ్య నిలబడి, గొంతు పెంచకుండానే అందరినీ కూర్చోబెట్టే మా ఆవిడ కూడా నాకు కనబడుతూనే ఉంది. నాకు ఆవిడ ఇక్కడ కావాలి. ఆవిడకి అక్కడ ఉండడం కావాలి. ఎంత ఆలోచించినా ఈ రెండూ ఒక చోట కుదరలేదు.

"సరే. వెళ్ళు," అన్నాను.

ఆవిడ నమ్మింది. ఫోన్ తీసి, వస్తున్నానని వాళ్ళకి చెప్పింది. నేను పక్కనే కూర్చుని ఆ మాటలు వింటూ, ఈ ఒక్కసారికి ఆవిడ నన్ను నమ్మకపోయి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.